ఇంటి ఓనర్‌కి అప్పిచ్చారా? నోటీసు పంపే ముందు జాగ్రత్తలు

ముందు ప్రోనోటు తీసి తేదీ చూడండి. అడిగినప్పుడు ఇస్తానన్న నోటైతే రాసిన రోజు నుంచి 3 ఏళ్లలోపే దావా వేయాలి. ఆ గడువులోగా ఓనర్ కొంత కడితే, నోటు వెనుక చెల్లు (ఎంత కట్టారన్న రాత) ఆయన చేతే రాయించి, తేదీతో సంతకం పెట్టించుకోండి. కట్టిన రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క. నోటు అసలు కాపీ మాత్రం ఎవరడిగినా చేతికివ్వొద్దు, జిరాక్స్ చాలు.

నోటు లేదా? బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజ్‌లు భద్రపరచండి.

ఓనర్ ఇచ్చిన చెక్కు బౌన్సయితే టైమ్ చాలా తక్కువ. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది ఓనర్‌కి అందాక 15 రోజులు ఆగి, డబ్బు రాకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు.

చాలామంది దెబ్బతినేది అద్దె దగ్గర. "అప్పులో పట్టుకో" అని నోటిమాటగా అద్దె ఆపేస్తే, బకాయి చూపించి ఖాళీ చేయించే కేసు వేస్తారు. కాగితం మీద ఒప్పందం లేనంతవరకు అద్దె బ్యాంకులోనే వేయండి, వివరంలో "జూన్ అద్దె" అని రాసి మరీ.

పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం దండగ. బాకీ వసూలు వాళ్ల పని కాదు. మాట కలిసేలా ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. వాళ్లు నడిపే లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు లేదు, అక్కడి రాజీ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం.