హైదరాబాద్ నుంచి లండన్: విమాన దూరం, సమయం లెక్కకట్టడం

గోడ మీది పటంలో స్కేలు పెట్టి కొలవకండి. గుండ్రటి భూమిని చదును చేస్తే దూరాలు సాగిపోతాయి. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగుతుగా లాగండి, అదే దగ్గరి దారి: సుమారు 7,750 కిలోమీటర్లు. దీన్ని విమాన వేగంతో, అంటే గంటకు సుమారు 900 కిలోమీటర్లతో భాగించి, పైకి లేవడానికి, దిగడానికి అరగంట కలిపితే తొమ్మిది గంటల పైచిలుకు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి వల్ల, చుట్టుదారి వల్ల ఇంకో గంట పట్టొచ్చు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

ఎక్కువమంది పొరబడేది టికెట్ దగ్గరే. అందులో ఏ ఊరి సమయం ఆ ఊరిదే. ఉదయం 7:00కు బయలుదేరి 11:30కు దిగుతారని ఉంటే ప్రయాణం నాలుగున్నర గంటలు కాదు. రెండు ఊళ్ల గడియారాల మధ్య చలికాలపు తేడా 5:30 గంటలు కలిపి పది గంటలు. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా తేడా 4:30 మాత్రమే. తిరుగు ప్రయాణానికి కలపకూడదు, తీసేయాలి.