పండగ సీజన్‌లో తొలి కొలాబ్: నెల్లూరు, ఒంగోలు క్రియేటర్లకు కొన్ని జాగ్రత్తలు

వినాయక చవితి దాటగానే నెల్లూరు ట్రంకు రోడ్డులో, ఒంగోలు కర్నూలు రోడ్డులో బట్టల షాపులు, బంగారం షాపులు దసరా ఆఫర్ల పనిలో పడతాయి. అక్కడి నుంచి సంక్రాంతి దాకా ప్రచారానికి డబ్బు తీసే రోజులు. ఇప్పుడు ఫ్లెక్సీతో పాటు రీల్ కూడా కావాలని ఓనర్లే అడుగుతున్నారు. పది వేల ఫాలోవర్లు కూడా లేనివాళ్లకు "కొలాబ్ చేస్తారా?" (డబ్బుకో, వస్తువుకో మా ప్రచారం చేస్తారా) అని మెసేజ్‌లు వచ్చేది ఈ నెలల్లోనే. ఏం అడగాలో, ఏది రాయించుకోవాలో తెలియక కష్టం పోగొట్టుకునేదీ, ఛానెల్ పోగొట్టుకునేదీ, కేసుల్లో ఇరుక్కునేదీ కూడా ఈ నెలల్లోనే. అందుకే సీజన్ మొదలయ్యేలోపు ఇవన్నీ ఒకసారి చూసుకోండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. కావలిలోనో పొదిలిలోనో కూర్చుని వీడియోలు చేసేవారిని చూసేవాళ్లు ఎక్కడో లేరు. అదే వీధిలో, అదే బస్టాండులో, అదే పెళ్లిలో ఎదురుపడతారు. మీ మాట నమ్మి ఒక అక్క డబ్బు కట్టి మోసపోతే, ఆ అక్క మీ అమ్మను అడుగుతుంది. కాబట్టి ఎంత ఇస్తారు అన్నది రెండో ప్రశ్న. దేనికి ఇస్తున్నారు అన్నది మొదటిది.

బెట్టింగ్ యాప్, డబ్బు పెట్టి ఆడే గేమ్ ఏదైనా సరే, ఎంత ఇస్తామన్నా ముట్టుకోవద్దు. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌లను ప్రచారం చేసిన పలువురు ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు ఆటలకు ప్రకటన చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఈ యాప్‌ల వాళ్లు నేరుగా పేరు చెప్పరు. "స్పోర్ట్స్ న్యూస్ పేజీ", "ప్రిడిక్షన్ గ్రూప్" అంటారు, టెలిగ్రామ్ లింకు మాత్రం స్టోరీలో పెట్టమంటారు. లింకు ఎక్కడికి వెళ్తుందో మీరే నొక్కి చివరిదాకా చూడండి.

మన జిల్లాల్లో కొత్త క్రియేటర్లకు ఎక్కువగా వచ్చే ఇంకో ఆఫర్ ప్లాట్లది. హైవే పక్కన ఎర్ర మట్టి రోడ్లు వేసి, ఆర్చి కట్టి, డ్రోన్ షాట్లతో రీల్ చేయమంటారు. డబ్బు కూడా బాగానే ఇస్తారు. ఇక్కడే బాగా ఆగి ఆలోచించాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసిన వెంచరు రెరాలో (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ) నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. నంబరు అడగండి, ఏపీ రెరా వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి ప్రాజెక్టు పేరు, సర్వే నంబర్లు సరిపోయాయో లేదో చూడండి. లేఅవుట్‌కు నెల్లూరు వైపు అయితే నుడా, ఒంగోలు వైపు అయితే ఒడా (ఆ ఊళ్ల పట్టణాభివృద్ధి సంస్థలు) అప్రూవల్ కాగితం అడగండి. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే, వచ్చాకే రీల్ చేస్తామని చెప్పండి. ఒక కుటుంబం ఇరవై ఏళ్లు కూడబెట్టింది ప్లాటు మీద పెడుతుంది. మీరు అరగంటలో తీసిన వీడియో వాళ్ల నిర్ణయంలో భాగం అవుతుంది.

షుగర్ తగ్గించే పొడి, పొడుగు పెంచే టానిక్, నెలలో బరువు దించే కషాయం లాంటివాటికి నో చెప్పేయండి. మధుమేహం, ఊబకాయం, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది.

ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల మీద వీడియోలు చేసే తమ్ముళ్లకు మేత కంపెనీల నుంచి, మందుల కంపెనీల నుంచి పిలుపులు వస్తుంటాయి. చెరువులో వేసేది ఏదైనా సరే, అది యాంటీబయాటిక్ లేనిదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చిన సర్టిఫికెట్ అడగండి. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు తిరిగొస్తుంది, ఆ దెబ్బ రైతు మీద పడుతుంది. మీరు స్వయంగా ఒక పంట కాలం చూడని మందు గురించి "నేను వాడాను, గ్రోత్ బాగుంది" అనవద్దు. ఇంట్లో చేసిన పచ్చళ్లు, స్వీట్ల బ్రాండ్ అయితే ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందో లేదో చూడండి. బంగారం షాపు అయితే నగ మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హాల్‌మార్క్ గుర్తింపు నంబరు హెచ్‌యూఐడీ ఉండాలి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో మీరే చూడవచ్చు. ఇలా చూసిన ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు, అందులో కనిపించినవారికి కూడా మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ప్రకటనలు చేయకుండా మొదటిసారి ఏడాది దాకా, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ఆపవచ్చు. చెప్పే ముందు తగినంత విచారించామని చూపగలిగితే ఆ చట్టమే రక్షణ కూడా ఇస్తుంది. ఆ రోజు పనికొచ్చేవి ఈ స్క్రీన్‌షాట్లే.

వచ్చిన మెసేజ్ అసలుదేనా

పెద్ద బ్రాండ్ పేరుతో మెయిల్ వస్తే సంతోషపడే ముందు అడ్రస్ చూడండి. జీమెయిల్ నుంచో, బ్రాండ్ పేరులో ఒక అక్షరం మారిన అడ్రస్ నుంచో వస్తే, ఆ బ్రాండ్ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఊళ్లో షోరూమ్ ఉంటే నేరుగా వెళ్లి మేనేజర్‌ను అడగడం ఇంకా మేలు.

యూట్యూబ్ చేసేవాళ్లు దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. "అగ్రిమెంట్ పంపాం, డౌన్‌లోడ్ చేసి చూడండి", "మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి రివ్యూ ఇవ్వండి" అంటూ పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ పంపుతారు. తెరిస్తే కంప్యూటర్‌లోని బ్రౌజర్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) వాళ్ల చేతికి పోతాయి. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు కాబట్టి వాళ్లకు పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అక్కర్లేదు, ఛానెల్ నేరుగా చేతులు మారుతుంది. నకిలీ కొలాబ్ మెయిల్స్‌తో ఇలా ఛానెళ్లు కొట్టేస్తున్న ముఠాల గురించి గూగుల్ భద్రతా బృందమే 2021లో బయటపెట్టింది. అగ్రిమెంట్ చూడాలంటే మెయిల్‌లోనే ప్రివ్యూలో తెరుచుకునే పీడీఎఫ్ పంపమనండి. పంపం అంటే ఆ కొలాబ్ వద్దు.

డబ్బు ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బు అడగడు. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రొడక్ట్‌కు సెక్యూరిటీ డిపాజిట్, "ముందు మీరు కొనండి, తర్వాత రీఫండ్ ఇస్తాం" అన్నవన్నీ మోసాలే. ఫోన్‌పేలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. రీల్‌ను యాడ్‌గా నడపాలని మీ ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడిగినా ఇవ్వకండి, పాస్‌వర్డ్ లేకుండానే పార్ట్‌నర్‌షిప్ యాడ్ పర్మిషన్ ఇచ్చే సౌకర్యం యాప్‌లో ఉంది. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మనమే వెళ్లి అడగడం

మెసేజ్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. నా సలహా అయితే, మొదటి భాగస్వామ్యం ఊళ్లో షాపుతోనే మొదలుపెట్టండి. సీజన్‌కు నెల ముందు, పొద్దున షాపు తెరిచిన కాసేపటికి వెళ్లండి. సాయంత్రం బేరాల వేళ వెళితే ఎవరూ వినరు. ఫాలోవర్లు ఎంతమంది అన్నదాని కంటే వాళ్లు ఎక్కడివాళ్లు అన్నది ఆ ఓనరుకు కావాలి. ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్‌లో ఏ ఊరివాళ్లు ఎంత శాతం ఉన్నారో కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ కాకుండా ఫోన్ చేతికిచ్చి అక్కడే చూపించండి. హైదరాబాద్‌లో రెండు లక్షల మంది చూసిన రీల్ కంటే నెల్లూరు, గూడూరు, ఆత్మకూరు వాళ్లు పది వేల మంది చూసిన రీల్ ఆయనకు పనికొస్తుంది. ఫాలోవర్లను కొనుక్కుంటే ఈ లెక్కలోనే దొరికిపోతారు. ఇన్ని చీరలు అమ్ముడవుతాయని మాత్రం మాటివ్వకండి. మీ చేతిలో ఉన్నది ఎన్ని రీల్స్, ఎన్ని స్టోరీలు, ఏ తేదీకి అన్నది మాత్రమే.

మొదట్లో ఒకటి రెండు బార్టర్‌కు, అంటే డబ్బుకు బదులు వస్తువో భోజనమో తీసుకుని, చేయడంలో తప్పు లేదు. హోటల్ వాళ్లు చేపల పులుసుతో భోజనం పెట్టి రీల్ అడిగితే, నచ్చితే చేయండి. పెట్రోలు, కెమెరామన్, ఎడిటింగ్ రోజు లెక్కేసుకుని, ఆ ఖర్చు కూడా రాని పనిని అలవాటు చేసుకోకండి. ఒకసారి ఉచితంగా చేస్తారని పేరు పడితే పక్క షాపు కూడా అదే అడుగుతుంది.

నోటిమాట చాలదు

తెలిసిన అంకుల్ షాపే అయినా వాట్సాప్‌లో రాసి, ఆయన "ఓకే" అని పెట్టాకే పని మొదలుపెట్టండి. ఇబ్బందిగా అనిపిస్తే "అంకుల్, నాకు గుర్తుండదని రాసుకుంటున్నా" అంటే సరిపోతుంది. ఏం చేయాలి, ఏ రోజు పెట్టాలి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు (రెండుసార్లు చాలు), ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్నవి అందులో ఉండాలి. సగం అడ్వాన్స్ అడగండి. మిగతాది వీడియో పెట్టిన రోజే ఇవ్వాలని రాయండి. ఏజెన్సీలు రెండు మూడు నెలలు ఆగమంటాయి. చిన్న సంస్థల నమోదుకు కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకుని ఉంటే, ఒప్పందం రాసుకున్నా సరే 45 రోజులకు మించి ఆపకూడదని చట్టం మీ వైపు మాట్లాడుతుంది. ఆ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైట్ ప్రభుత్వానిది కాదు.

కొత్తవాళ్లు తెలియక వదిలేసేది వాడుకునే హక్కు. మీరు ఒక రీల్‌కు డబ్బు తీసుకుంటారు. షాపు ఆ వీడియోను ఏడాదంతా యాడ్‌గా నడుపుతుంది, మీ ఫొటోను ఫ్లెక్సీ కొట్టించి సెంటర్లో కడుతుంది. మీ పేజీలో ఎన్నాళ్లు ఉండాలి, వాళ్లు యాడ్‌గా ఎన్నాళ్లు వాడొచ్చు, ఫ్లెక్సీకి వాడొచ్చా లేదా అన్నవి వేర్వేరుగా రాసుకోండి, దేనికి దానికి ధర చెప్పండి. "మా దగ్గర చేశాక వేరే బట్టల షాపుకు చేయకూడదు" అంటే, ఎన్ని రోజులు అని అడగండి. దసరా నుంచి సంక్రాంతి దాకా అంటే మీ సీజన్ మొత్తం పోయినట్టే, దానికి తగ్గ డబ్బు ఇవ్వాలి.

మన తీరంలో ఇంకో సంగతి ఉంది. దసరా, దీపావళి రోజులే ఈశాన్య రుతుపవనాల రోజులు, తుపాన్ల రోజులు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కూడా దెబ్బతిన్నాయి. మైపాడు బీచ్‌లో షూట్ పెట్టుకున్న రోజు వాన పట్టుకుంటే ఏం చేస్తారు? వాన వల్ల వాయిదా పడితే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనక్కర్లేదని, కొత్త తేదీ ఇద్దరూ కలిసి చూసుకుంటారని ఒక వాక్యం రాయండి. లోపల తీయగలిగే రెండో ప్లాన్ కూడా ముందే అనుకోండి.

షూట్‌కు నగలు, పట్టుచీరలు తెచ్చుకుంటే తీసుకునేటప్పుడు ఒక్కో నగ బరువు రాసి, ఫొటో తీసి, ఇద్దరూ సంతకం పెట్టండి. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ తూకం వేయించి "ముట్టింది" అని రాయించుకోండి. ఒంటి మీద లక్షల విలువైన సొత్తు ఉన్నప్పుడు మొహమాటానికి చోటు లేదు. ఆ రసీదు పన్నుకూ పనికొస్తుంది. ప్రచారానికి ఇచ్చిన వస్తువు వాడి తిరిగి ఇస్తే ఆదాయం కాదు, ఉంచుకుంటే ఆదాయమే. ఏడాదిలో అలా వచ్చినవాటి విలువ 20 వేలు దాటితే కంపెనీ 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసి కట్టే పన్ను) చూసుకోవాలి. డబ్బుగా ఇచ్చేదాంట్లో కూడా కోత ఉండవచ్చు. పాన్ ఇవ్వకపోతే ఆ కోత ఇంకా పెరుగుతుంది. మీ మొత్తం ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసి కోసింది వెనక్కి తెచ్చుకోవచ్చు.

వీడియో పెట్టే రోజు

డబ్బు తీసుకున్నా, ఉచిత భోజనం తిన్నా, మేనమామ షాపే అయినా, అది ప్రకటన అని చెప్పాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పమని ఉంది. అంటే తెలుగు రీల్‌కు "ప్రకటన" అని తెలుగులో, వీడియో మీదే కనిపించేలా రాయాలి, హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో దాచకూడదు. ప్రకటనల ప్రమాణాల మండలి (ఏఎస్‌సీఐ) లెక్క ప్రకారం 15 సెకన్లలోపు వీడియోలో కనీసం 3 సెకన్లు, రెండు నిమిషాలలోపు దాంట్లో మూడో వంతు సేపు ఆ మాట కనిపించాలి. ఇన్‌స్టాలో పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్, యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ టిక్కు కూడా పెట్టండి. ప్రకటన అని రాస్తే రీచ్ పడిపోతుందని షాపువాళ్లు వద్దంటే ఒప్పుకోవద్దు.

ట్రెండింగ్ సినిమా పాట వేయమని అడిగినా వేయకండి. మామూలు రీల్‌లో నడిచిన పాట ప్రకటనలో వాడాలంటే హక్కులు కొనాలి. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హక్కుదారు ఫిర్యాదు మీద పడే హెచ్చరికలు) పడితే ఛానెలే పోతుంది. యాప్‌లు వ్యాపార ప్రచారానికి అనుమతించే ఉచిత సంగీతం ఉంది, ఊళ్లో నాదస్వరం, డప్పు వాయించేవాళ్లకు డబ్బిచ్చి మీరే రికార్డు చేసుకున్నా బాగుంటుంది.

వీడియో పెట్టాక ఒరిజినల్ ఫైళ్లు, చాట్, బిల్లు ఒక ఫోల్డర్‌లో ఉంచండి. బయోలో, డిస్క్రిప్షన్‌లో ఇచ్చిన లింకును వారానికోసారి నొక్కి చూడండి. ఆఫర్ అయిపోయాక అదే లింకు వేరే పేజీకి మళ్లించేవాళ్లు ఉన్నారు, ఒప్పందంలో రాసిన గడువు ముగియగానే తీసేయండి.