కొత్త సేఫ్టీ కూర్చోవట్లేదా? ఆకురాయి పట్టే ముందు ఇవి చూడండి

ఉదయం కాఫీ తాగుతుంటే డల్లాస్ నుంచి మా మేనల్లుడి వీడియో కాల్. "మామయ్యా, కొత్త సేఫ్టీ పైకి లేవట్లేదు, కొంచెం అరగదీసేయనా?" వాడి దగ్గర ఉన్నది 1911 మోడల్ పిస్టల్, ఆన్‌లైన్‌లో వెడల్పాటి థంబ్ సేఫ్టీ, అంటే పిస్టల్ పేలకుండా బొటనవేలితో పైకి నొక్కి పెట్టే మీట, ఒకటి తెప్పించుకున్నాడు, ప్యాకెట్ మీద 'డ్రాప్ ఇన్' (నేరుగా బిగించేయొచ్చు) అని ఉందట. నేను ఆర్మీలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి వచ్చి ఇప్పుడు బెంగళూరు పీణ్యాలో టూల్‌రూమ్ పని చూసుకుంటున్నాను కాబట్టి ఇలాంటి కాల్స్ నాకే వస్తాయి. ఆ 'డ్రాప్ ఇన్' మాట నమ్మకండి. ఈ ముక్కలో కావాలనే కాస్త లోహం ఎక్కువ ఉంచుతారు, ఏ పిస్టల్‌కి ఆ పిస్టల్‌కే సరిచేసుకోవాలి.

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకి విడిగా లైసెన్స్ ఉండాలి, పిస్టల్ ఉంచుకునే లైసెన్స్ దానికి సరిపోదు. కాబట్టి ఇక్కడివాళ్ళు కింద రాసింది తప్పు ఎక్కడుందో అర్థం చేసుకోవడానికి వాడండి, పని మాత్రం లైసెన్స్ ఉన్న షాపులో చేయించండి.

ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లో వేలు పెట్టి చూడండి. తూటాలు ఇంకో గదిలో ఉండాలి. చూశాను కదా అనుకున్నా మళ్ళీ చూడండి.

ఇప్పుడు లోపల జరిగేది. తూటా పేలడానికి దెబ్బ కొట్టేది వెనకున్న హ్యామర్, దాన్ని పట్టి ఉంచే చిన్న ముక్క సియర్. థంబ్ సేఫ్టీ పైకి ఎత్తితే దాని లోపలివైపు ఉన్న పన్ను సియర్ వెనక అడ్డం నిలబడుతుంది, పైఅంచు స్లైడ్‌లోని గాడిలో దూరి స్లైడ్‌నీ ఆపుతుంది. హ్యామర్ పూర్తిగా వెనక్కి ఎక్కి లేకపోతే పన్నుకి చోటుండదు, సేఫ్టీ ఎలాగూ లేవదు, చాలామంది ఇక్కడే కంగారు పడతారు. హ్యామర్ ఎక్కినా లేవట్లేదంటే స్లైడ్ తీసేసి ప్రయత్నించండి. అప్పుడు లేస్తే గొడవ స్లైడ్‌లోని గాడి దగ్గర ఉంది, పన్ను జోలికి పోవద్దు. అప్పుడూ లేవకపోతే పన్ను పొడవు ఎక్కువై సియర్‌కి తగులుతున్నట్టే. స్లైడ్ లేనప్పుడు మాత్రం హ్యామర్‌ని వదిలేయకండి, బొటనవేలితో పట్టుకుని దించండి, లేకపోతే అది నేరుగా ఫ్రేమ్‌ని కొడుతుంది.

పన్ను మొహానికి పర్మనెంట్ మార్కర్ రాసి, బిగించి, మెల్లగా పైకి నొక్కి, విప్పి చూడండి. రంగు చెరిగిన చోటే తగులుతోంది. సన్నటి ఆకురాయితో అక్కడే రెండు గీతలు, మళ్ళీ రంగు, మళ్ళీ బిగింపు. పదిసార్లు విప్పాల్సి వస్తే పదిసార్లూ విప్పండి. సియర్‌ని మాత్రం ముట్టుకోవద్దు, అరగదీసేది ఎప్పుడూ సేఫ్టీనే.

మావాడు నేను చెప్పేలోపే పది గీతలు గీసేశాడు. సేఫ్టీ టక్కున లేచింది, ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడలేదు, "అయిపోయింది మామయ్యా" అని సంబరపడ్డాడు. అవ్వలేదురా, ఇంకో పరీక్ష ఉంది అన్నాను. హ్యామర్ ఎక్కించి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయాలి. తర్వాత సేఫ్టీ దించి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా, హ్యామర్‌ని చెవి దగ్గర పెట్టుకుని వెంట్రుకవాసి వెనక్కి లాగాలి. ఏ చప్పుడూ రాకూడదు. వాడు ఫోన్ దగ్గరగా పెట్టి లాగాడు, బెంగళూరులో నాకు వినబడింది 'టిక్' అని. ఆ టిక్ అంటే ట్రిగ్గర్ నొక్కినప్పుడు సియర్ కొంచెం జారింది, ఇప్పుడు మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంది. అలాంటి సేఫ్టీ వేసినా వేయనట్టే, దించిన క్షణంలో హ్యామర్ పడినా పడొచ్చు. తీసేసిన లోహం తిరిగి రాదు కాబట్టి ఇంకో ముక్క కొనాల్సిందే.

సేఫ్టీ లేస్తోంది, దిగుతోంది, కానీ వదులుగా ఊగుతోందంటే పన్నుని తిట్టకండి, ఎడమవైపున్న ప్లంజర్ ట్యూబ్, అంటే సేఫ్టీని తన చోట నిలిపి ఉంచే స్ప్రింగ్ ఉన్న చిన్న గొట్టం, చూడండి. అది రెండు చిన్న కాళ్ళతో ఫ్రేమ్‌కి దిగ్గొట్టి ఉంటుంది, కాళ్ళు వదులైతే ట్యూబ్ ఊగుతుంది, దాన్ని సరైన పనిముట్టుతో మళ్ళీ దిగ్గొట్టించాలి.

గ్రిప్ సేఫ్టీ, అంటే పిడి వెనక ఉండి పట్టుకున్నప్పుడు అరచేతితో నొక్కుకునే ముక్క, సంగతి తేలిక. దాన్ని నొక్కకుండా ట్రిగ్గర్ లాగితే హ్యామర్ పడకూడదు. పడితే దాని చేయి ట్రిగ్గర్ వెనక్కి చేరట్లేదు, లేదా మూడు రేకుల స్ప్రింగ్‌లో కుడి రేకు వంగి బలం పోయింది, ముందు ఆ రేకు చూడండి. గ్రిప్ సేఫ్టీని పూర్తిగా నొక్కినా ట్రిగ్గర్ కదలకపోతే దాని చేయి చివర లోహం ఎక్కువుంది. పొడుగు తోక రకం గ్రిప్ సేఫ్టీ ఫ్రేమ్‌లో దిగట్లేదంటే వేరే కథ, దానికి ఫ్రేమ్ వంపు కొలతే వేరు, ఫ్రేమ్‌ని కోయాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

అన్నీ కుదిరాక రేంజ్‌లో మొదట ఒక్క తూటా, ఆ తర్వాత రెండు, అంతకు మించి వేయొద్దు. ఒక్కసారి నొక్కితే రెండూ పేలితే అక్కడే ఆపేసి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళండి.

మావాడు రెండో ముక్క తెప్పించి, ఈసారి రెండు సాయంత్రాలు కూర్చుని గీశాడు, టిక్ రాలేదు. పాడైన పాతది డ్రాయర్‌లో దాచాడట. వైస్‌లో బిగించి రెండు ముక్కలు చేసి పారేయమన్నాను, లేకపోతే ఏదో ఒకరోజు బాగానే ఉందిగా అని మళ్ళీ అదే బిగిస్తాడు.