ప్లగిన్ కనిపించట్లేదా? పాటలో చిటపటలా? ముందు ఇవి చూడండి

లాజిక్, ప్రో టూల్స్, రీపర్ లాంటి పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌లో, దానికి తగిలించే ప్లగిన్లతో (వాయిద్యాలు, ఎఫెక్టులు ఇచ్చే చిన్న ప్రోగ్రాములు) తంటా వస్తే, కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని అడిగే ముందు రెండు చూడండి: ఛార్జర్ పెట్టి ఉందా (బ్యాటరీ మీద వేగం తగ్గొచ్చు)? బఫర్ (సాఫ్ట్‌వేర్ ఒక్కో విడతలో తయారుచేసే శబ్దం ముక్క సైజు) ఎంతలో ఉంది? ఈ రెండూ చూడకుండానే ర్యామ్ వేయించుకొచ్చినవాళ్లు నాకు తెలుసు.

సమస్య: ఇన్‌స్టాల్ చేశాను, లిస్టులో లేదు

ప్లగిన్ ఫార్మాట్ మీ సాఫ్ట్‌వేర్‌కి కుదరలేదు, అంతే. లాజిక్ ప్రో ఏయూ ప్లగిన్లనే తీసుకుంటుంది. ప్రో టూల్స్‌కి ఏఏఎక్స్ కావాలి. ఇన్‌స్టాలర్‌లో ఆ టిక్కు ఉందో లేదో చూడకుండా నెక్స్ట్ నెక్స్ట్ కొడితే ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో ఫార్మాట్ వీఎస్‌టీ3. విండోస్‌లో ఆ ఫైలు ఉండాల్సింది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, కామన్ ఫైల్స్ కింద ఉన్న వీఎస్‌టీ3 ఫోల్డర్‌లో. అక్కడ ఉంటే సాఫ్ట్‌వేర్‌లో రీస్కాన్ కొట్టి ప్లగిన్లను మళ్లీ వెతికించండి.

పాత ప్రాజెక్టు తెరిస్తే 'మిస్సింగ్' అంటోందా? అప్పుడు వాడింది పాత ఫార్మాట్ వీఎస్‌టీ2, ఇప్పుడు మీ దగ్గరున్నది వీఎస్‌టీ3 అయ్యుంటుంది. పేరు ఒకటే అయినా చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేరే ప్లగిన్లు. పాత మెషీన్ అమ్మేయకముందే ఆ ప్లగిన్ ఉన్న ట్రాకులు వేవ్ ఫైళ్లుగా (మామూలు ఆడియోగా) దింపుకోండి.

సమస్య: టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే, సాఫ్ట్‌వేర్‌లోని సీపీయూ మీటర్ మాత్రం ఎర్రగా

దీని దగ్గర నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. షార్ట్ ఫిల్మ్ పాట, తెల్లారితే ఇవ్వాలి. డ్రమ్స్ ఫ్రీజ్ చేశా (అంటే ప్లగిన్లు మళ్లీ నడవక్కర్లేకుండా ట్రాక్‌ని ఆడియోగా మార్చి పెట్టా), కోరస్ ఫ్రీజ్ చేశా, చిటపటలు పోలేదు. తీరా చూస్తే స్ట్రింగ్స్ ట్రాక్ మీద రికార్డ్ బటన్ ఎర్రగా వెలుగుతోంది. మధ్యాహ్నం కీబోర్డ్ వాయించి ఆపడం మర్చిపోయాను.

అదెలా అంటే, 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48 వేల శాంపిళ్లు) బఫర్ 128 శాంపిళ్లు పెడితే ఒక్కో ముక్క తయారు కావడానికి ఉన్న టైమ్ సుమారు 2.7 మిల్లీసెకన్లు. టాస్క్ మేనేజర్ చూపేది అన్ని కోర్ల సగటు. మీటర్ చూసేది ఆ గడువు దాటామా లేదా అని. ఒక ట్రాక్ మీద వరసగా ఉన్న ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటే నడవాలి కాబట్టి, ఎనిమిది కోర్లున్నా ఆ బరువంతా ఒకదాని మీదే. మామూలు ట్రాకుల్ని రీపర్, లాజిక్ లాంటివి ముందుగానే లెక్కగట్టి పెట్టుకుంటాయి. మీరు వాయించబోయే ట్రాక్‌కి ఆ వీలు లేదు. మీట నొక్కాకే మొదలుపెట్టి, దాని ప్లగిన్లూ మాస్టర్ (ట్రాకులన్నీ కలిసే చివరి ఛానెల్) మీద ఉన్నవీ అన్నీ ఆ 2.7లోనే తేల్చాలి. నా మాస్టర్ మీద 8 రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో (అంటే 8 రెట్ల శాంపిళ్లు లెక్కగడుతూ) లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) కూర్చుని ఉంది మరి.

కాబట్టి ముందు రికార్డ్ బటన్ ఆపండి. లాజిక్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ట్రాక్ ఎంచుకుంటే చాలు, అదే లైవ్‌లోకి వెళ్తుంది. అందుకని ఖాళీ ఆడియో ట్రాక్ ఎంచుకుని ప్లే చేయండి. ఇంకా తగ్గకపోతే మాస్టర్ నుంచి మొదలుపెట్టి ప్లగిన్లు ఒక్కొక్కటే ఆపుతూ మీటర్ చూడండి. ఎక్కడ దిగితే అదే దొంగ. ఆ ట్రాక్‌ని ఫ్రీజ్ చేయండి, మిగతావాటిని వదిలేయండి. మిక్సింగ్‌కి బఫర్ 1024 పెట్టండి, రికార్డింగ్‌కి 128కి దించి మాస్టర్ మీదవి ఆపేయండి.

అరుదుగా

వైఫై డ్రైవర్ వల్ల కూడా చిటపటలు వస్తాయి. వైఫై ఆపి వింటే తెలిసిపోతుంది. పాత 32 బిట్ ప్లగిన్లయితే 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలినా నుంచి మ్యాక్‌లో నడవవు. విండోస్‌లో బ్రిడ్జ్ (32 బిట్ ప్లగిన్‌ని 64 బిట్ సాఫ్ట్‌వేర్‌లో నడిపించేది) పెట్టి లాక్కురావచ్చు గానీ, దాని బదులు ఇంకోటి వెతుక్కోవడమే తేలిక.