‘జాన్ దీల్మాన్’ మధ్యలో ఆపకుండా చూడాలంటే

ఈ సినిమాను నేను రెండుసార్లు ఒకే చోట ఆపేశాను. కథానాయిక జాన్ వంటింట్లో కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తూ ఉంటుంది, కెమెరా కదలదు. ఇదంతా నేనెందుకు చూడాలని నిజంగానే కోపమొచ్చింది. మూడోసారి చివరిదాకా చూశాను. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

1975లో షాంతాల్ ఆకర్మాన్ తీసిన బెల్జియం సినిమా ఇది. నిడివి 201 నిమిషాలు. బ్రసెల్స్‌లో చిన్న ఫ్లాటు, భర్త పోయిన జాన్, ఆమె కొడుకు. ఇల్లు గడవడానికి మధ్యాహ్నాలు ఒక్కో మగవాణ్ణి ఇంటికి రానిస్తుంది. కథ మూడు రోజులది కాబట్టి వరసగా మూడు రాత్రులు, రాత్రికి కథలో ఒక రోజు చొప్పున చూడండి. మధ్యలో గ్యాప్ ఇస్తే ముందురోజు చూసింది మరిచిపోతారు.

స్పీడ్ పెంచి అస్సలు చూడొద్దు. నేను మొదట్లో అలాగే చూసి అసలైనవన్నీ పోగొట్టుకున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. రేడియోలో వచ్చేది తప్ప సంగీతం లేదు. స్విచ్చు చప్పుడు, చెప్పుల చప్పుడు, గిన్నెల చప్పుడే అన్నీ చెబుతాయి.

మొదటి రోజు కథ కోసం ఎదురుచూడకండి. కొత్తగా అద్దెకు దిగిన ఇంటిని చూసినట్టు ఆమె అలవాట్లు చూడండి. గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పుతుంది. వచ్చిన డబ్బు భోజనాల బల్ల మీది సూప్ గిన్నెలో వేసి మూత పెడుతుంది. ఈ రెండూ గుర్తుంటే చాలు.

రెండో రోజు ఆ మూత పెట్టడం మరిచిపోతుంది. పొయ్యి మీది దుంపలు ఉడికి ఉడికి పాడైపోతాయి. గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక అటూ ఇటూ తిరుగుతుంది. బజారుకెళ్లి మళ్లీ దుంపలు తెచ్చి తొక్క తీయడానికి కూర్చుంటుంది. నేను ఆపేసిన సీను అదే! పిల్లలు బడి నుంచి వచ్చే టైముకి కుక్కర్లో అన్నం ముద్దయితే పడే టెన్షన్ నాకు బాగా తెలుసు. అది తెలిసి చూస్తే ఆ కత్తి మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

నెమ్మదిగా నడిచే ప్రతి సినిమాకూ ఇంత ఓపిక అక్కర్లేదు. గంట చూసినా గమనించడానికి ఏమీ దొరక్కపోతే ఆపేయండి, తప్పేం లేదు.

ఇక్కడ మాత్రం మూడో రోజు ఆమె కాఫీ రుచి చూసి, పారబోసి, మళ్లీ పెట్టుకుంటుంది. అప్పుడు లేచి వెళ్లకండి.