షోపాన్ చిన్ననాటి పొలొనైజ్‌ను 61 మెట్ల కీబోర్డు మీద పట్టాలంటే

నల్లగొండ, పాలమూరు దిక్కు కీబోర్డు నేర్చుకునే చాలామందికి చేయి సి మేజర్‌లోనే కుదురుకుంటుంది. చర్చిలో పాట శ్రుతి మారితే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తారు, నల్ల మెట్ల జోలికి పోరు. పియానో స్వరకర్త షోపాన్ దగ్గరికి రావాలంటే ముందు ఈ అలవాటు పోవాలి. ఆయన శిష్యులకు సి మేజర్‌ను అన్నిటికన్నా చివర నేర్పేవాడు.

షోపాన్ 1810లో పోలండ్‌లోని వార్సా దగ్గరి జెలజోవా వోలాలో పుట్టాడు. తొలి గురువు జివ్నీ అసలు వయొలిన్ విద్వాంసుడు. పిల్లవాడికి జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతం రుచి చూపించాడు. పియానో మీద చేతి పద్ధతి మాత్రం షోపాన్ చాలావరకు తనంతట తాను కుదుర్చుకున్నదే. ఏడేళ్ల వయసులో, 1817లో, జి మైనర్ పొలొనైజ్ (పోలండ్ నాట్యపు నడకలో సాగే రచన) అచ్చయింది. మనం పట్టబోయేది అదే.

ముందు కీబోర్డును సరిచేసుకోండి. ట్రాన్స్‌పోజ్ సున్నా, ఆటో రిథమ్ ఆఫ్, టచ్ రెస్పాన్స్ (నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారే ఏర్పాటు) ఆన్. కీబోర్డును నేల మీద పెట్టి వాయిస్తే మణికట్టు పైకి విరుచుకుని తొందరగా నొప్పి పుడుతుంది. స్టాండు మీద పెట్టి, మోచెయ్యి మెట్ల ఎత్తుకు వచ్చేలా కూర్చోండి. ప్లాస్టిక్ కుర్చీ పొట్టిదైతే ఇంకో కుర్చీ దాని మీద వేయండి. షాబాదు బండల మీద పెడల్ జారిపోతుంది, కింద రబ్బరు పట్టా వేయాలి. పెడల్ తొక్కితే శబ్దం తెగి, వదిలితే సాగుతోందా? స్విచ్ వేసేటప్పుడు కాలు దాని మీద ఉండి ఉంటుంది. కాలు తీసి, ఆఫ్ చేసి మళ్లీ వేయండి.

ఇక చేయి. కుడి బొటనవేలు ఇ మీద, తర్వాతి మూడు వేళ్లు ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్ మీద, చిటికెనవేలు బి మీద. షోపాన్ చెప్పిన స్థానం ఇదే. పొడుగు వేళ్లకు ఎత్తైన నల్ల మెట్లు, పొట్టి వేళ్లకు తెల్లవి. ఏ వేలూ ముడుచుకోనక్కర్లేదు. ఎడమ చేతికైతే బొటనవేలు సి మీద మొదలై, ఎ షార్ప్, జి షార్ప్, ఎఫ్ షార్ప్ మీదుగా చిటికెనవేలు ఎఫ్ మీదికి వస్తుంది. మొదటి వారం ఈ అయిదు స్వరాలే, ఒక్కొక్కటి మెల్లగా, మణికట్టు వదులుగా.

రెండో వారం బి మేజర్ స్కేలు. బొటనవేలు 1, చిటికెనవేలు 5 అనుకుంటే కుడిచేతి వేళ్లు 1-2-3-1-2-3-4-5, ఎడమచేతివి 4-3-2-1-4-3-2-1. మెట్రోనోమ్ 50 దగ్గర, స్వరానికో దెబ్బ. బొటనవేలు కిందినుంచి దూరేటప్పుడు మోచెయ్యి బయటికి ఎగిరితే ఆ స్వరం గట్టిగా పడుతుంది. వేగం తగ్గించి, బొటనవేలిని ముందే ఆ మెట్టు దగ్గరికి చేర్చాలి.

తర్వాత పొలొనైజ్ నడక. మూడు దెబ్బల తాళం. మొదటి దెబ్బలో ఒక అర దెబ్బ స్వరం, రెండు పావు దెబ్బ స్వరాలు; మిగతా రెండింటిలో నాలుగు అరలు. చేత్తో తాళం వేస్తూ ‘తా తక తా తా తా తా’ అనుకోండి. ‘తక’ను తొందరపెట్టడమే అందరూ చేసే తప్పు; అప్పుడు నాట్యం పోయి పరుగు మిగులుతుంది. నోటికి నిలిచాకే మెట్ల మీదికి రండి. జి మైనర్‌లో బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, మాటిమాటికీ ఎఫ్ షార్ప్ తగులుతాయి కాబట్టి ముందటి రెండు వారాల పని ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక్కో చేయి విడిగా, నాలుగేసి బార్లు (మూడు దెబ్బల ఆవృత్తం ఒక బారు). కింది స్వరం 61 మెట్లలో అందకపోతే ఒక స్థాయి పైన వాయించండి.

గట్టిగా కొట్టకండి. 1829 ఆగస్టులో వియన్నాలో తొలిసారి వాయించినప్పుడు షోపాన్ శబ్దం మరీ మెత్తన అన్నవాళ్లున్నారు; ఆయన మాత్రం ఆ మెత్తదనం వదులుకోలేదు. రోజుకు 20 నిమిషాల చొప్పున మూడుసార్లు కూర్చుంటే చాలు. ఆరు గంటలు సాధన చేస్తున్నానన్న శిష్యురాలిని మూడు గంటలు దాటొద్దని ఆయనే మందలించాడు.

ఇది చేతికొచ్చాక 1821లో జివ్నీకి అంకితమిచ్చిన ఎ ఫ్లాట్ మేజర్ పొలొనైజ్ పట్టండి. అలంకారాలు ఎక్కువ, నాలుగు ఫ్లాట్లు. 1833లో అచ్చయిన ఎట్యూడ్ల (కష్టమైన సాధన రచనల) జోలికి మాత్రం ఇప్పుడే వద్దు, బరువులేని ప్లాస్టిక్ మెట్ల మీద అవి మణికట్టును పాడుచేస్తాయి.