పొడవాటి ఆస్టర్లు వాలిపోతున్నాయా, బూడిద పడుతోందా?

ఏడాదితో అయిపోయే చైనా ఆస్టర్ సంగతి కాదు ఇది. ఏటా అదే దుబ్బు నుంచి లేచి, నడుము దాటి పెరిగి, శరదృతువులో పూసే న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్ ఆస్టర్లకు వచ్చే ఇబ్బందులివి.

పూత సమయానికి కాండాలు వాలిపోవడం
ఎండ చాలకపోయినా, నత్రజని ఎరువు ఎక్కువైనా కాండం సన్నగా సాగుతుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. అసలు మందు మాత్రం కత్తెరే. వసంతం చివర్లో ప్రతి కాండాన్నీ మూడో వంతు కత్తిరించండి. పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురుగా, కాస్త పొట్టిగా నిలబడుతుంది, పూలూ ఎక్కువే. చేతులు రాకపోయినా కత్తిరించాల్సిందే! వేసవి సగం దాటాక మాత్రం ముట్టుకోవద్దు, మొగ్గలు పోతాయి. ఊతకర్రలు కూడా వసంతంలోనే పాతండి. వాలాక తాడుతో బిగించి కడితే గడ్డిమోపులా కనిపిస్తుంది.

ఆకుల మీద తెల్లటి పొడి, కింది ఆకులు ఎండిపోవడం
బూడిద తెగులు. ఆకులు తడవడం వల్లే వస్తుందనుకుంటారు గానీ, వేళ్ల దగ్గర మట్టి ఎండిపోయి, దుబ్బులో గాలి ఆడకపోతే ఎక్కువ ముదురుతుంది. వసంతంలో బలహీనమైన పిలకలు తీసేయండి, మొక్క మొదలు దగ్గర నీళ్లు పోసి ఆకుల ఎరువు పరవండి. ఏటా వస్తుంటే న్యూయార్క్ రకం మాని న్యూ ఇంగ్లండ్ రకం నాటడం మేలు, అది బాగా తట్టుకుంటుంది.

పూల బదులు చిన్న ఆకుపచ్చ గుత్తులు
కంటికి కనిపించని నల్లి (మైట్) అనే పురుగు పని కావచ్చు, న్యూయార్క్ రకానికే ఎక్కువ. ఇంటి తోటలో వాడదగ్గ మందు లేదు. మొక్కను పీకి పారేయండి, కంపోస్టులో వేయకండి. ఆకులు కూడా పసుపుబారితే ఆస్టర్ యెల్లోస్ అనే తెగులు అయ్యుండొచ్చు. దానికీ ఇదే దారి.

మొగ్గ ఆలస్యం
రాత్రుళ్లు పొడవైతేనే ఇవి పూతకు వస్తాయి. రాత్రంతా దీపం వెలుగు పడే చోటైతే మార్చి నాటండి.

దుబ్బు మధ్యలో బోడిగా అవడం
ముదిరింది. రెండు మూడేళ్లకోసారి వసంతంలో తవ్వి, అంచుల్లోని పిలకలు నాటుకుని నడిమి భాగం పారేయండి.

వేరే రంగు పూలు
రాలిన గింజల మొలకలు తల్లిలా పూయవు. వాడిన పూలను గింజ కట్టకముందే కోసేస్తే సరి.